టీచరమ్మ స్లీపింగ్ బ్యాగు కుట్టిందెవరు

1954 వేసవి. కర్నూలు అప్పుడు కొత్త రాష్ట్రానికి కొత్త రాజధాని. ఆఫీసులకు కట్టడాలు చాలక ఊళ్లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ డేరాలు వేశారు. గుమాస్తాలు డేరాల్లో పనిచేసి, డేరాల్లోనే పడుకొని, పొద్దున లేచి దుమ్ము దులుపుకొని మళ్లీ అక్కడే కుర్చీ వేసుకునేవారు. ఇంతమందికి పరుపులు కావాలి, దిండ్లు కావాలి, హోల్డాళ్లు కావాలి. హోల్డాల్ అంటే పరుపునూ బట్టలనూ కలిపి చుట్టి తోలు పట్టీలతో బిగించే కాన్వాసు చుట్ట. బదిలీ ఉద్యోగి సంసారమంతా అందులోనే ఉండేది. ఈ సంగతి పసిగట్టి వేంపల్లె నుంచి కర్నూలుకు వచ్చిన పరుపుల పనివాణ్ని నేను. నేను ముందు వచ్చాను. నా తర్వాత కొన్నాళ్లకు మస్తాను వచ్చి, ఊరంతా ఖాళీగా ఉంటే, సరిగ్గా నా అంగడికి ఎదురుగా అంగడి పెట్టాడు.

మస్తానూ నేనూ కడపలో ఒకే ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నాం. ఉస్తాదు మంచివాడే, కానీ ఆయన నోటి నుంచి వచ్చిన ఒక మాట నేను ఈనాటికీ మరిచిపోలేదు. "దస్తగిరి కుట్టు గట్టి, మస్తాను చెయ్యి మెత్తన" అనేవాడు. పరుపుల పనిలో మెత్తన అన్నదే మెప్పు. ఇక గట్టి అన్నది ఏమిటో మీరే ఆలోచించండి. పెళ్లికూతురి పరుపు వస్తే మస్తానుకు ఇచ్చేవాడు. ఆసుపత్రి పరుపులు, జైలు పరుపులు వస్తే నాకు. కర్నూల్లో కూడా అంతే అయింది. డేరాల పరుపుల పని ముందు అడిగింది నేను. ఆ పని చూసే ఉద్యోగి నా అంగడి మెట్ల మీద నిలబడి నాతోనే మాట్లాడి, రోడ్డు దాటి మస్తాను దగ్గర టీ తాగి, పని అతనికి అప్పగించి వెళ్లాడు. మస్తాను టీలో యాలక్కాయ వేయిస్తాడు. నేను వేయించను.

ఇలాంటి రోజుల్లో సారమ్మ గారు వచ్చారు. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. కడప దగ్గర పల్లెలోని కిరస్తానీ కుటుంబం వారిది. ముప్పై దాటిన మనిషి, బక్కపలచన, కాలికి కాన్వాసు బూట్లు. రిక్షాలోంచి ఒక పాత చుట్ట దించి నా చాప మీద పడేయించారు. మిలిటరీలో పనిచేసిన అన్న ఇచ్చిందట. ఆకుపచ్చ గుడ్డ, లోపల ముద్దలు కట్టిన ఉన్ని, ఒక మూల ఎలుకలు కొట్టాయి.

"ఇది స్లీపింగ్ బ్యాగప్పా. సంచిలో దూరినట్టు దూరి పడుకునేది. లేపి చూడు" అన్నారు.

లేపాను. చచ్చిన దూడంత బరువుంది.

"సెలవుల్లో మేం కొంతమంది టీచర్లం హిమాలయాలకు పోతాండాం. నడిచి ఎక్కేది. మొక్కలు, పూలు చూసి రావల్లని. కూలీని పెట్టుకునే శక్తి మాకు లేదు. ఎవరి పక్క వాళ్లే మోసుకోవల్ల. దీన్ని మోసుకుంటూ పోతే సగం కొండలోనే నా పని అయిపోతాది. వెచ్చగా ఉండల్ల, తేలిగ్గా ఉండల్ల. చేస్తావా?"

"బరువు ల్యాకుండా వెచ్చన యాడుంటాదమ్మా?" అన్నాను.

ఆమె నవ్వారు. "ఎదురంగడి మస్తానప్ప కూడా ఇదే మాటన్నాడు."

అంటే ముందు అక్కడికి వెళ్లి వచ్చారు. ఆ ఒక్క ముక్కతో నా చెవులు వేడెక్కాయి. మస్తాను ఏమన్నాడని అడిగాను. చేస్తానన్నాడట. అయితే నేనూ చేస్తానన్నాను. ఇద్దరూ చెరొకటి చేయండి, నాకు నచ్చిందే తీసుకుపోతాను అన్నారామె. ఒప్పుకున్నాను. హిమాలయాలు ఎంత దూరమో నాకు తెలియదు. అక్కడికి వెళ్లే సంచి మస్తానుది కాకూడదు, నాది కావాలి. నాకు తెలిసిందల్లా అదే.

ఇక ఫిల్లింగ్ సంగతి. ఫిల్లింగ్ అంటే లోపల కూరే సరుకు. అందులోనే సగం పని ఉంది. మామూలు పత్తి దూది ఏకినప్పుడు బాగా పొంగుతుంది, కానీ బరువు. చెమ్మ తగిలితే ముద్ద కడుతుంది. కురుబల దగ్గర దొరికే గొర్రె ఉన్ని వెచ్చన, చెమ్మకు ఓర్చుకుంటుంది, కానీ అదీ బరువే. మూడోది బూరుగు దూది. పట్టులా జారుతుంది, నీళ్లలో వేస్తే తేలుతుంది, చేతిలోకి తీసుకుంటే ఉన్నట్టే ఉండదు. దిండ్లకు తప్ప వాడం, ఎందుకంటే అది ఒకచోట నిలవదు. తెల్లదొరలు బాతు ఈకలు కూరుతారని ఆమె చెప్పారు.

"ఈడ మనుషులకే నీళ్లు ల్యావు, బాతులు యాడ నుంచి తెచ్చేదమ్మా?" అన్నాను.

బూరుగు దూదే పెట్టాలని నిర్ణయించుకున్నాను. దూది బయటికి రాకుండా దగ్గరి నేత కేంబ్రిక్ గుడ్డ తీసుకున్నాను. దూది జారకుండా అడ్డంగా దగ్గర దగ్గర వరసలు కుట్టాను. ఇలా పైగుడ్డ, దూది, అడుగుగుడ్డ మూడూ కలిపి కుట్టడాన్ని క్విల్టింగ్ అంటారు. వరసకు వరసకు మధ్య నిండుగా, బాగా కూరాను. మా సీమలో పరుపు కొనేవాడు ముందు పిడికిలి బిగించి ఒక్కటి గుద్దుతాడు. పిడికిలి అడుగుకు తగిలిందా, "దూది ఎగ్గొట్టినావు" అంటాడు. తగల్లేదా, మంచి పరుపు. ముప్పై పరుపుల్లో ఒక్కటి తగిలినా బజారంతా చెప్పుకుంటారు. మా చేతులు ఆ పిడికిలి భయంతోనే పెరిగాయి. అందుకే ఆ సంచిని కూడా ఎంత గుద్దినా లోపలికి దిగనంతగా కూరాను. అంత కూరినా మిలిటరీ సంచితో పోలిస్తే అది ఈక.

మస్తాను ఉన్ని తెప్పించాడని అతని అంగడి ముందు దిగిన మూటను బట్టి తెలుసుకున్నాను. అతను తలుపు దగ్గరికి వేసుకొని కుట్టాడు. నేనూ తలుపు దగ్గరికి వేసుకున్నాను. వేసవిలో ఇద్దరం తలుపులు మూసుకొని ఉన్ని, దూదుల మధ్య ఉడికిపోయాం.

రెండూ తయారయ్యాక పరీక్ష ఎక్కడ? ఏప్రిల్ నెల కర్నూల్లో చలి ఎక్కడుంది? సారమ్మ గారే ఉపాయం చెప్పారు. సోడా అంగళ్లకు ఐసు వేసే ఫ్యాక్టరీలో, ఐసు దిమ్మెలు పేర్చే గది ఉంది. అందులో పడుకొని చూస్తానన్నారు. ఫ్యాక్టరీ చూసుకునే రామిరెడ్డి ముందు ఒప్పుకోలేదు.

"ఊపిరితో ఉండే మనిషిని ఐసులో పెట్టేది నేను యాడా చూడల్యా తల్లీ. ఏమన్నా అయితే నా మీదికి వచ్చాది."

"మీ బిడ్డకు సైన్సు చెప్పేది నేనే కదా రెడ్డీ? పరీక్ష అంటే ఏందో ఆ పిల్లకు తెలుసు, నీకు తెలీదా?" అన్నారామె.

మరునాడు పొద్దున బజారు సగం ఫ్యాక్టరీ ముందుంది. బయట వడగాలి. తలుపు తెరిచినప్పుడల్లా వచ్చే చల్లగాలి కోసం నిలబడినవాళ్లే ఎక్కువ. మగవాళ్లు లోపలికి రాకూడదని, తోడుగా నా భార్య ఖాసింబీని తీసుకొని ఆమె గదిలోకి వెళ్లారు. ఖాసింబీ లోపల ఉందంటే నాకు ధైర్యమే. నా తరఫు మనిషి.

ముందు మస్తాను సంచి. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. సారమ్మ గారి ముఖం కళకళలాడుతోంది. "నిద్ర పట్టేసింది" అన్నారు. మస్తాను అక్కడున్నవాళ్లందరికీ తాంబూలం పంచినంత పని చేశాడు. నన్ను చూడలేదు. చూడకపోవడం కూడా ఒక రకంగా చూడటమే.

తర్వాత నాది. ఈసారి తలుపు తొందరగానే తెరుచుకుంది. ముందు ఖాసింబీ వచ్చింది. నా వైపు చూడకుండా కొంగు సర్దుకుంది. నాకు అప్పుడే తెలిసిపోయింది. సారమ్మ గారు చేతులు రుద్దుకుంటూ వచ్చారు.

"కుట్టు ఉన్న కాడల్లా చలి గీత గీసినట్టు దిగుతాండాది దస్తగిరప్పా. ఇంకోటి, గట్టిగా ఉండాది. చెక్క మీద పడుకున్నట్టుండాది."

గట్టి. మళ్లీ ఆ మాటే. కడపలో ఉస్తాదు అన్న మాట కర్నూల్లో ఐసు ఫ్యాక్టరీ ముందు, ఇంతమందిలో, మస్తాను వింటుండగా.

"గట్టి చెయ్యి కదమ్మా ఆయప్పది. పాత అలవాటు" అన్నాడు మస్తాను. మెల్లగానే అన్నాడు. అందరికీ వినబడింది.

కానీ పరీక్ష అంతటితో అయిపోలేదు. మోసుకొని నడిచేది ఇంకా ఉంది. అక్కడికి దగ్గర్లోనే మేడ మెట్లున్నాయి. సారమ్మ గారు మస్తాను సంచిని వీపుకు కట్టుకొని ఎక్కి దిగడం మొదలుపెట్టారు. ఎండలో రెండుసార్లు ఎక్కేసరికి ఆమె గోడకు ఆనుకొని రొప్పారు. నాది కట్టుకొని ఎక్కినప్పుడు మాత్రం రామిరెడ్డితో మాట్లాడుతూ ఎక్కారు.

"మస్తానప్పా, నీది వెచ్చగా ఉండాది గానీ దీన్ని మోసుకొని పోతే కొండ మీదికి నేను పోను, అదే నన్ను కిందికి తెస్తాది" అన్నారు.

ఆ మాటకు నవ్వింది నేనే. మస్తాను మొహం మాడింది. ఆ క్షణం ఎంత చల్లగా ఉందో ఐసు గది కూడా అంత చల్లగా ఉండదు.

సారమ్మ గారు రెండు సంచులనూ నేల మీద పరిచి వాటి మధ్య కూర్చున్నారు. "ఒకటి వెచ్చన, ఒకటి తేలిక. నాకు రెండూ ఒకదాంట్లో కావల్ల. మీరిద్దరూ కలిసి ఒకటి చేయండి."

"నేను ఆయప్పతో కూర్చొని పనిచేసేదేంది?" అన్నాను.

"నాకేం ఖర్మ?" అన్నాడు మస్తాను. ఒక్క విషయంలోనైనా ఇద్దరం ఒకే మాట మీద నిలబడ్డాం.

"సరే. అట్లయితే బరువైనా వెచ్చనిదే తీసుకుపోతా. చలికి చచ్చేకన్నా మోసి చచ్చేది మేలు" అని ఆమె మస్తాను సంచి చుట్టుకొని వెళ్లిపోయారు.

ఇంటికి వచ్చాక అన్నం దిగలేదు. ఖాసింబీ కంచం ముందు కూర్చొని, "పంతం పట్టు. బాగా పట్టు. మస్తాను సంచి దేవుని కొండలకు పోతాది. నీ సంచి ఈడ్నే పడుంటాది, పిల్లి పడుకునేదానికి పనికొస్తాది" అంది.

"నువ్వు లోపలుండి కూడా ఒక్క మాట నా తరఫున చెప్పల్యా."

"ఆమెకు చలికి పండ్లు టకటకా కొట్టుకుంటాంటే నేనేం చెప్పల్ల? మా ఆయన కుట్టిన దాంట్లో చలి పుట్టదు, నీ పండ్లదే తప్పు అని చెప్పల్లనా?"

మరునాడు నేను రోడ్డు దాటాను. మోయలేని సంచి అన్న మాట మస్తానుకూ గుచ్చుకున్నట్టుంది, కలిసి చేయడానికి ఒప్పుకున్నాడు. ఎవరి అంగట్లో కూర్చోవాలన్న దగ్గర మళ్లీ తగువైంది. నేను అతని అంగట్లో కూర్చోను, అతను నా అంగట్లో కూర్చోడు. చివరికి సారమ్మ గారి అద్దె ఇంటి వసారాలో చాప వేశాం.

ముందు నా సంచి కుట్లు విప్పాను. సారమ్మ గారు ఎదురుగా కూర్చొని, "సగం దూది తీసెయ్యి" అన్నారు.

"తీస్తే వెచ్చన ఎట్ల ఎక్కువైతాదమ్మా?"

"పొద్దున చలికి పిట్ట ఎట్ల కూర్చుంటాది? ఈకలు ఉబ్బించుకొని కదా? ముడుచుకొని కాదు. ఆ ఉబ్బులో ఉండే గాలే దానికి దుప్పటి."

ఒక వరస విప్పి పిడికెడు దూది తీశాను. మిగిలింది మెల్లగా లేచి ఆ ఖాళీ అంతా నింపింది. ఇంకో పిడికెడు తీశాను. అప్పుడూ నిండుగానే ఉంది. గుద్దితే మాత్రం పిడికిలి అడుగుకు తగులుతుంది. ఏ కొనేవాడైనా నన్ను దొంగ అనే పని అది. చేతులు ఒప్పుకోకపోయినా చేశాను.

మస్తాను సంచిలో చలి గీతలు ఎందుకు లేవో అప్పుడు తెలిసింది. అతను ఒకే పొర వేయలేదు. రెండు పలచటి పొరలు విడివిడిగా కుట్టి, ఒకదాని కుట్టు మీద రెండోదాని కుట్టు పడకుండా అతికించాడు. కింద కుట్టు ఉన్నచోట పైన ఉబ్బు ఉంటుంది. చూడగానే తెలిసే పని. నాకు ఎందుకు తోచలేదు అన్నది వేరే సంగతి. అతను కుడుతుంటే చూడకూడదనుకుంటూనే చూశాను. దారాన్ని లాగడు. సూదిని వదిలి, దారాన్ని దాని మానాన పోనిస్తాడు. అలాంటి చెయ్యి నాకు ఎందుకు రాలేదని ఆ వసారాలో కూర్చొని ఎన్నిసార్లు అనుకున్నానో.

"వదులప్పా దారాన్ని. దూదికి ఊపిరాడనీ" అన్నాడు నన్ను.

"వదిలితే దూది అంతా కాళ్ల కాడికి జారుతాది. ఇది నీ గొర్రె ఉన్ని కాదు, బూరుగు. దగ్గర దగ్గర కుట్టల్ల."

మస్తాను ఒక వరస తన లెక్కన ఎడంగా కుట్టి, లేపి దులిపాడు. దూది అంతా ఒక మూలకు చేరింది. విప్పి నా లెక్కన దగ్గరగా కుట్టాడు. నాకు కడుపు నిండింది.

చివరికి సంచి ఇలా తయారైంది. నా కేంబ్రిక్, నా బూరుగు దూది, నా దగ్గరి వరసలు. అతని రెండు పొరలు, అతని వదులు దారం. మూతి దగ్గర బొత్తాలు, గాలి దూరకుండా వాటి వెనక మడత. తలకు ఒక కుల్లాయి. మళ్లీ ఐసు గదికి వెళ్లాం. ఈసారి రామిరెడ్డే తలుపు తట్టి, "తల్లీ, ఉండావా?" అని లేపాల్సి వచ్చింది. చుట్టి పట్టీ వేస్తే ఒక చేత్తో ఊపుకుంటూ పోవచ్చు.

ఆమె బయలుదేరే రోజు స్టేషన్‌కు వెళ్లాను. ఎవరూ వినకుండా అడిగాను. "అమ్మా, ఆడ ఎవరన్నా దీన్ని ఎవరు కుట్టినారని అడిగితే ముందు నా పేరు చెప్పల్ల. తర్వాత కావాలంటే ఆయప్పది చెప్పండి."

ఆమె నా ముఖంలోకి అదోలా చూశారు. సరేనన్నారో లేదో రైలు కూతలో వినబడలేదు. తిరిగి వస్తుంటే ప్లాట్‌ఫారం ఆ చివరి నుంచి మస్తాను వస్తున్నాడు. నాకన్నా ముందే వచ్చి ఉన్నాడు.

వానలు మొదలై బడులు తెరిచాక ఆమె తిరిగి వచ్చారు. ముఖం ఎండకు కమిలిపోయింది కానీ మనిషి హుషారుగా ఉన్నారు. రోడ్డు మధ్యలో నిలబడి ఇద్దరినీ పిలిచారు. ఇద్దరం చెరో మెట్టు దిగి వెళ్లాం. సంచికి ఆకుల మరకలు, పొగ వాసన.

"ఒక్క రాత్రి కూడా చలికి లేవల్యా. ఒక కాడ చెరువులో నీళ్లు గడ్డ కట్టినాయి. అప్పుడు కూడా" అన్నారు.

నాకు కావాల్సింది అది కాదు. మస్తానుకు కావాల్సిందీ అది కాదు.

"ఒక సత్రంలో ఎవరో మిలిటరీ ఆఫీసరు ఉన్నాడు. ఆయనది ఈకల సంచి. నాది పట్టుకొని చూసి, లేపి చూసి, ఇదెవరు కుట్టినారని అడిగినాడు."

ఇద్దరం చెరో అడుగు ముందుకు వేశాం.

"కర్నూలు అని చెప్పినా."

"కర్నూలంటే?" అన్నాను.

"కర్నూల్లో శానామంది ఉండారు కదమ్మా!" అన్నాడు మస్తాను.

"ఆయన కూడా పేరే అడిగినాడు. స్టేషన్లో ముందు నా పేరే చెప్పల్లని నువ్వూ మాట తీసుకుంటివి, ముందు నా పేరే చెప్పల్లని ఆయప్పా మాట తీసుకునె. ఎవరి పేరు ముందు చెప్పినా ఇంకొకరికి మాట తప్పినట్టే. ఊరి పేరు చెప్పి ఊరుకున్నా. ఆయన ఆ ఊరు యాడుందని అడిగితే నేల మీద కట్టెపుల్లతో గీసి చూపించినా కూడా."

ఆమె సంతోషంగా వెళ్లిపోయారు. మేం రోడ్డు మధ్యలో మిగిలాం. ఒక జట్కా మమ్మల్ని తప్పించుకొని పోయింది.

"నువ్వు స్టేషన్‌కు రాకుంటే సరిపోయేది" అన్నాడు మస్తాను.

"నువ్వు రాకుంటే సరిపోయేది" అన్నాను.

అతను, "ఊరి పేరంట! ఊరు కుట్టిందా సంచిని?" అన్నాడు.

"అదే నేనూ అనేది. ఊరేమన్నా సూది పట్టిందా?"

ఇన్నేళ్లలో ఇద్దరికీ ఒకే మనిషి మీద, ఒకే కారణంతో కోపం రావడం అదే మొదటిసారి. అతని అంగట్లో కూర్చొని యాలక్కాయ టీ తాగుతూ సాయంత్రం దాకా సారమ్మ గారిని తిట్టుకున్నాం. టీ బాగానే ఉంది. ఆ ఉద్యోగి రోడ్డు ఎందుకు దాటాడో తెలిసింది.

ఆ తర్వాత అడవులు కొలిచే సర్వే వాళ్లు, కాలినడకన కొండలకు పోయే యాత్రికులు అలాంటి సంచులు అడుగుతూ వచ్చారు. మస్తాను బూరుగు దూదిని దగ్గర వరసల్లో కుట్టడం నేర్చుకున్నాడు. నేను రెండు పొరలు వేయడం, దారం వదలడం నేర్చుకున్నాను. ఎవరికి వారే మొత్తం కుట్టుకోగలిగాం. నా పని అతనికి ఉచితంగా పోయిందన్న బాధ నాకుంది. అతనికీ ఉండే ఉంటుంది.

ఈ పని నేర్చుకోవాలనే వాళ్లకు నేను చెప్పేది ఇది. చలిని ఆపేది దూది కాదు, దూది పట్టి ఉంచే గాలి. ఎంత కూరావని చూడకు, ఎంత ఉబ్బిందో చూడు. పిడికిలితో గుద్ది, దూది ఎగ్గొట్టావనేవాణ్ని అననీ. వాడు ఏ కొండా ఎక్కడు. ఇక పేరు సంగతి. వస్తువు ఇంకొకరితో కలిసి చేస్తే, ఎవరి పేరు ముందో అది ఊరు దాటకముందే మీరిద్దరే తేల్చుకోండి. మీరు తేల్చుకోలేనిది కొనేవాళ్ల మీద పెట్టకండి. వాళ్లు ఇద్దరి పేర్లూ కొట్టేస్తారు.